అటక మీద మొహమాటం

మా ఊళ్లో ఒకరి ఇంటి గుట్టు తెలుసుకోవాలంటే తలుపు తట్టక్కర్లేదు, కప్పు వంక చూస్తే చాలు. మిన్నెసోటాలో మంచు ఒకసారి పడిందంటే ఓ పట్టాన పోదు. కప్పు మీద పడ్డ మంచు పడ్డట్టే ఉంటే వేడి ఇంట్లోనే నిలిచి ఉందని, ఆ ఇంటివాళ్లు బుద్ధిమంతులని అర్థం. మంచు కరిగి కప్పు బయటపడిందంటే లోపలి వేడంతా అటక గుండా పైకి పోతోందని, వాళ్లు చమురు తగలేసి ఆకాశాన్ని వెచ్చబెడుతున్నారని అర్థం. ఎదురింటి పామర్ ఆస్గార్డ్ కప్పు మీద మంచు ఈస్టర్ దాకా చెక్కుచెదరకుండా ఉండేది. మాది మంచు పడ్డ మర్నాటికల్లా బోడిగుండు.

పామర్ మమ్మల్ని ఏమీ అనేవాడు కాదు. మా వాళ్లెవరూ ఎవరినీ ఏమీ అనరు. వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ, పార మీద గడ్డం ఆనించి, మా కప్పు వంక చూసి, "మీ ఇల్లు మహా వెచ్చగా ఉంటుందనుకుంటా గుద్రున్" అనేవాడు. మా ఊళ్లో అంతకు మించిన తిట్టు లేదు.

వెచ్చగా ఏడిసింది. మేం నెత్తిన ఉన్ని టోపీలు పెట్టుకుని పడుకునేవాళ్లం. పైన కరిగిన నీళ్లు చూరు దాకా జారి అక్కడ గడ్డకట్టేవి. ఆ గడ్డ ఆనకట్టలా అడ్డం పడితే వెనకాల చేరిన నీళ్లు కప్పు సందుల్లోంచి లోపలికి దిగి మంచం మీద కారేవి. అదీ సరిగ్గా నేను పడుకునే వైపు. నా దిండు పక్కన గిన్నె పెట్టుకునేదాన్ని. అబద్ధం ఎందుకు, అది నిండినప్పుడల్లా మా ఆయన ఇంగ్వల్డే లేచి పారబోసి వచ్చేవాడు. మాట్లాడకుండా లేచేవాడు, మాట్లాడకుండా పడుకునేవాడు.

ఇక్కడ మా వాళ్ల మొహమాటం గురించి చెప్పకపోతే మిగతా కథ మీకు అర్థం కాదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గదా, మా ఊళ్లో ఒకసారి అడిగినా లాభం లేదు. "కాఫీ పొయ్యనా?" అని అడిగితే మొదటిసారి "వద్దు, చాలు" అనాలి. రెండోసారి "అయ్యో, నీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి "సరే, ఒక్క గుక్క" అని కప్పు నిండా పోయించుకోవాలి. మొదటిసారికే ఒప్పుకున్నవాడు కక్కుర్తివాడు. రెండోసారికే ఒప్పుకున్నవాడికి సరైన పెంపకం లేదనుకుంటారు. మూడోసారి అడగనివాడు వట్టి పిసినారి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. తల్లిపాలతో వస్తుంది.

నేను చెప్పబోయేది జరిగిన ఏడాదే మా చర్చికి కొత్త పాస్టరు వచ్చాడు, క్లేటన్ రడాక్ అని. టెక్సాస్ మనిషి. పాపం మంచివాడే గాని ఈ పాలు తాగినవాడు కాదు. వచ్చిన వారమే ప్రార్థన అయ్యాక చర్చి నేలమాళిగలో కాఫీల దగ్గర "ఇంకో ముక్క కేకు పెట్టనా?" అంటే "పెట్టండి" అనేశాడు. కేకు కోస్తున్నావిడ చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది. ఆ తరవాత ఓ మంచు రోజున ముసలి బెర్గిట్‌ని "కార్లో దింపనా అమ్మా?" అని అడిగాడట. ఆవిడ "వద్దు బాబూ" అంది. ఆయన టోపీ తీసి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. రెండు మైళ్లు మంచులో నడిచి వచ్చిన బెర్గిట్ నెల రోజులు ఆయన ప్రసంగాలప్పుడు దగ్గింది, కావాలనే.

ఇక నా సంగతి. అది పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదో సంవత్సరం. చమురు ధర భగ్గుమంది. అక్టోబరులోనే మా చెల్లెలు హెల్గా అరిజోనా నుంచి ఫోన్ చేసి, "ఆ మంచులో ఎందుకే అక్కా పడి చస్తావు, వసంతం దాకా మా ఇంట్లో ఉండు" అంది. నేను మూడుసార్లు అడిగించుకుని ఒప్పుకున్నాను. కాని నాకు వెళ్లాలని లేదు. ఇంగ్వల్డ్ వద్దంటాడని, వద్దంటే బాగుండునని, ఆ మాట ఆయన నోటివెంట ఒక్కసారి వినాలని నా ఆశ. అంతే.

రాత్రి భోజనాల దగ్గర కదిపాను. "హెల్గా రమ్మంటోంది."

"అలాగా," అన్నాడు బంగాళదుంప నలుపుకుంటూ.

"చలికాలమంతా ఉండమంటోంది."

"అక్కడ ఎండ బాగుంటుందట."

"నేను వెళ్తే నీకు తిండికి ఇబ్బందేమో."

"పర్లేదు," అన్నాడు.

ఆ "పర్లేదు"కి నాకు ఒళ్లు మండిపోయింది. సోమవారం బస్సుకి టిక్కెట్టు కొన్నాను. పెట్టె సర్ది, ఆయన కాళ్లకు అడ్డం తగిలేలా నడవ మధ్యలో పెట్టాను. తగిలితేనన్నా ఏమైనా అంటాడేమోనని చూశాను. ఆ పెద్దమనిషి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కాలు ఎత్తి జాగ్రత్తగా దాటుకుని పోయాడు.

శనివారం పొద్దున్నే ట్రక్కు నిండా బస్తాలు వేసుకొచ్చాడు. పాత వార్తాపత్రికల్ని పిండిలా ఆడించి చేసిన బూడిదరంగు పొట్టు. దాన్ని అటక మీద దూలాల మధ్య మందంగా పరిస్తే ఇంట్లో వేడి పైకి పోదు. బస్తాలు కొన్న కొట్టువాళ్లే పొట్టు ఊదే యంత్రం అరువిచ్చారట. యంత్రానికి ఇంత తొట్టి, పిల్లాడు దూరేంత గొట్టం. ఈ పని చేద్దామని నేను పదేళ్లుగా సణుగుతున్నాను. పదేళ్లుగా ఆయన "చూద్దాం" అంటున్నాడు.

"ఇప్పుడేంటి ఉన్నట్టుండి?" అన్నాను.

"చమురు ధర పెరిగింది గదా," అన్నాడు నేల చూపులు చూస్తూ.

నాకు అర్థమైపోయింది. లేదా, అర్థమైందనుకున్నాను. నేను తడి మంచం మీద టోపీ పెట్టుకుని పడుకున్నన్నాళ్లూ చూద్దాం చూద్దాం అన్న మనిషి, నేను బస్సెక్కే రెండు రోజుల ముందు ఇంటికి దుప్పటి కప్పుతున్నాడు. ఒక్కడూ హాయిగా కాళ్లు చాపుకుని పడుకుందామని! గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. అయినా నేను ఒక్క మాట అనలేదు. నేను మాత్రం ఏ ఊరిదాన్ని?

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం. దూలాలకు అక్కడక్కడ కర్రముక్కలు కొట్టి పొట్టు ఎంత ఎత్తు రావాలో గీత గీశాడు. చూరు దగ్గర గాలి ఆడకపోతే చెక్క చెమ్మెక్కుతుందని అక్కడ అట్టలు అడ్డం పెట్టాడు. నోటికి గుడ్డ కట్టుకుని, గొట్టం పట్టుకుని అటకెక్కాడు. యంత్రం పెరట్లో. బస్తాలు చింపి తొట్టిలో పొయ్యడం నా పని. గొట్టం పెరటివైపు అటక కిటికీలోంచి లోపలికి వెళ్లింది. యంత్రం చప్పుడుకి పక్కనే ఉరుము ఉరిమినా వినపడదు. అందుకని ఒక్కో బస్తా కాగానే మీట నొక్కి ఆపి, కిటికీ వైపు అరిచి అడగాలని మాట.

కోపంలో నా చేతికి భలే బలం వచ్చింది. ఒక్కో బస్తా ఆయన పీకే అనుకుని చింపాను. "కాళ్లు చాపుకుంటావా, చాపుకో" అని తొట్టిలో కుమ్మరించాను. చూస్తుండగానే నాలుగు బస్తాలు తప్ప అన్నీ అయిపోయాయి. అప్పుడు అడగాలన్న మాట గుర్తొచ్చి యంత్రం ఆపి అరిచాను.

"ఇంకో బస్తా పొయ్యనా?"

"వద్దు గుద్రున్, చాలు," అని వినపడింది.

పోశాను. పొయ్యక? ఒకసారి చాలనగానే చెయ్యి వెనక్కి తీస్తే అదేం వడ్డన? కోపం ఉంటే ఉండనీ, మర్యాద మర్యాదే. ఆ బస్తా కూడా ఊదించి మళ్లీ అడిగాను.

"ఇంకోటి?"

"అయ్యో వద్దే, నీకెందుకు శ్రమ!" అన్నాడు. గొంతు కొంచెం పీలగా ఉంది.

ఆ మనిషి ఆ మాట అనకుండా "ఆపవే, మునిగిపోతున్నా" అని ఉంటే ఆపేదాన్ని. మా అమ్మమ్మ కాలం నుంచీ ఆ మాటకి అర్థం ఒక్కటే, ఇంకోసారి అడుగు అని. ఈసారి పెద్ద బస్తా చూసి పోశాను. మూడోసారి అడిగితే ఉలుకూ పలుకూ లేదు. దగ్గులాంటిది ఏదో వినిపించింది. "సరే, ఒక్క గుక్క" అంటున్నాడనుకుని, మిగిలిన రెండూ కలిపి కుమ్మరించేశాను. మొహమాటానికి పోతే కడుపయ్యిందని ఊరికే అన్నారా?

యంత్రం హోరెత్తుతుండగా ఇంటి పక్కనుంచి పాస్టరు వచ్చాడు. చేతిలో కాఫీ కప్పు ఉంది. మా కప్పే. టోపీ మీద బూడిదరంగు పొట్టు ఉంది. నేను మీట నొక్కాను.

"శుభోదయం అమ్మా. అందరి ఇళ్లకూ వెళ్లి పలకరిద్దామని బయల్దేరాను. మీ వీధి తలుపు తట్టాను, ఎవరూ పలకలేదు. తీసే ఉంది గదా అని లోపలికి వెళ్లాను. మీవారితో మాట్లాడాను. బాగానే ఉన్నారట."

"అటక ఎక్కారా మీరు?"

"లేదమ్మా, వంటింట్లోనే. మీవారి కాలు అక్కడుంది."

"కాలా!"

"సీలింగులోంచి వేలాడుతోంది. మిగతా మనిషి కనపడలేదు. ఈ హోరులో 'సాయం కావాలాండీ?' అని గట్టిగా అరిచి అడిగాను. 'వద్దండీ, పర్లేదు' అన్నారు. ఇక సరే గదా అని..." అంటూ కప్పు చూపించాడు. "కాఫీ బాగుందమ్మా."

నేను ఖాళీ బస్తా అక్కడే పారేసి పరిగెత్తాను.

నిజమే, కాలే. తొడ దాకా. వంటింటి బల్లకి సరిగ్గా మీద, సీలింగు పగలగొట్టుకుని దిగింది. బూటు ఊడి రొట్టెల పళ్లెంలో పడింది. మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లి. ఆ చిల్లి పాస్టరు కంట పడిందే అని నాకు ముందు తల కొట్టేసినట్టయింది, అబద్ధమెందుకు. కాలి చుట్టూ ఉన్న సందులోంచి పొట్టు జల్లుగా రాలుతోంది. మధ్యాహ్నానికని చేసి పెట్టిన కూర గిన్నె బూడిద గుమ్మడికాయలా తయారైంది.

"ఏమయ్యా, బానే ఉన్నావా?" అని సీలింగు వైపు అరిచాను.

"పర్లేదు," అంది పైనుంచి గొంతు. "ఇంతకంటే అధ్వాన్నం చూశాం గదా."

"దెబ్బ తగిలిందా?"

"తగల్లేదు. మెత్తగానే ఉంది. మెడ దాకా ఉంది."

"చాలని గట్టిగా చెప్పొద్దూ!"

"చెప్పానుగా, రెండుసార్లు."

"మూడోసారి చెప్పాలిగా!"

"మూడోసారికి పొట్టు నోట్లోకొచ్చింది."

అంతా మునిగిపోయి దూలం ఏదో సందేదో కనపడక, కిటికీ వైపు వద్దామని అడుగేస్తే సందులో పడిందట కాలు. కిందికి లాగితే మనిషితో పాటు సీలింగూ వస్తుంది. పైకి తీసుకోవడానికి ఆయనకు పట్టు లేదు. పాస్టరు బల్ల పక్కన నిలబడి కాలి వంక గౌరవంగా చూస్తూ, "ఇంగ్వల్డ్ గారూ, నిచ్చెన తీసుకురమ్మంటారా?" అన్నాడు.

"వద్దండీ, మీకెందుకు శ్రమ," అంది పైన గొంతు.

"సరేనండీ," అని పాస్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

నేను నెత్తి కొట్టుకుని నిచ్చెన కోసం కదలబోతుంటే పైనుంచి, "గుద్రున్, ఇక్కడ వెచ్చగా ఉందే. పని చేస్తోంది ఇది," అన్నాడు.

అంతవరకూ బిగబట్టుకున్నదంతా ఆ మాటతో కట్ట తెంచుకుంది. పక్కన పాస్టరున్నాడని కూడా చూడలేదు. "ఎందుకు చెయ్యదు! సోమవారం నేను బస్సెక్కగానే వెచ్చగా పడుకుందువుగాని! పదేళ్లు నా దిండు తడిసినప్పుడు లేని బుద్ధి నేను పోతానంటే వచ్చిందా? నువ్వొక్కడివి ఉండే కొంపకి ఇంత పొట్టెందుకయ్యా?"

మేజోడు చిల్లిలోంచి బొటనవేలు ఒకసారి ముడుచుకుంది.

"ఒక్కణ్ణయితే నాకెందుకే ఇదంతా," అన్నాడు చివరికి. "నేను టోపీ పెట్టుకుని పడుకునేవాణ్ణి. నీ వైపు కారకుండా చేస్తే... నువ్వు చూసి..." ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. పొట్టు రాలింది. "వెళ్లకే. ఉండిపో."

ఎదురుగా కూర్చుని ఉంటే ఆ మాట జన్మలో అనేవాడు కాదు. మొహం అటకలో దాచుకుని, కాలు మాత్రం నా ముందు పెట్టి అన్నాడు. ఇన్నాళ్లూ నేను ఎదురుచూసింది ఈ ఒక్క మాటకే. నోరు తెరిచాను. నా నోట్లోంచి వచ్చిందేంటో తెలుసా?

"అయ్యో, నేనెందుకులే. నేను లేకపోతే నీకు చమురు కలిసొస్తుంది."

నేననలేదు, నా నాలుక అంది. మా అమ్మ అంది, అమ్మమ్మ అంది. చీరేద్దామనిపించింది ఆ నాలుకని.

పాస్టరు ఆ సమయంలో సాయం చెయ్యాలనుకున్నాడు. సీలింగు వైపు తలెత్తి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి, "వద్దంటున్నారండీ!" అని గట్టిగా చెప్పాడు.

నేను ఆయన కాలు తొక్కాను, మడమతో. దేవుడు క్షమిస్తాడు.

నాకు చెమటలు పట్టాయి. ఆ అక్టోబరులో, ఆ ఇంట్లో, చెమటలు! ఎందుకంటే నాకు మా ఆయన సంగతి తెలుసు. పెళ్లి చేసుకుంటావా అని నన్ను మొదటిసారి అడిగినప్పుడు నేను పద్ధతి ప్రకారం వద్దన్నాను. సరే అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. రెండోసారి అడగడానికి వచ్చేలోపల ఒక కోత, ఒక చలికాలం, మళ్లీ విత్తనాలు అయిపోయాయి. వెధవ మొహమాటం ఆ మనిషికి నాకంటే ఎక్కువ. బస్సేమో సోమవారం. ఇప్పుడు ఆయన "సరేలే, నీ ఇష్టం" అన్నాడంటే నేను ఆ పెట్టె పట్టుకుని పోవాల్సిందే. అరిజోనా ఎండలో కూర్చుని ఏడవాల్సిందే.

బొటనవేలి వంకే చూస్తూ నిలబడ్డాను. ప్రార్థన కూడా చేశాను, పాస్టరు పక్కనే ఉన్నాడు గదా అని.

"ఉండవే గుద్రున్," అంది గొంతు. ఈసారి ఆ గొంతులో పొట్టు ఉందో, ఇంకేదన్నా ఉందో తెలీదు గాని, బొంగురుగా ఉంది. "నువ్వు లేకపోతే నాకు ఇల్లు ఇల్లులా..."

"ఉంటాను!" అన్నాను మాట పూర్తి కాకుండానే. అన్నానా, అరిచానా తెలీదు, ఎదురింట్లో పామర్ కిటికీ తెరిచాడు. "ఉంటాను, ఎక్కడికీ వెళ్లను, ఉంటాను!"

పాస్టరు నేను తొక్కిన కాలు పట్టుకుని అయోమయంగా నా వంక చూశాడు. "ఇందాక వద్దన్నారు గదమ్మా?"

"అన్నాను," అని నిచ్చెన తేవడానికి బయటికి పరిగెత్తాను, కళ్లు తుడుచుకుంటూ. రెండోసారికే ఒప్పేసుకున్నాను. మా అమ్మ బతికుంటే సిగ్గుతో తలెత్తుకునేది కాదు. ఏం చెయ్యను, మూడోసారి దాకా ఆగే ధైర్యం నాకు లేకపోయింది.